చిన్న ట్రైలర్: ముందు బరువు లెక్క

ప్రశ్న: టొయోటా సియెనా ఉన్న నలుగురి కుటుంబం క్యాంపింగ్‌కి ఎలాంటి ట్రైలర్ కొనాలని డాలస్ పాఠకురాలు ఒకరు అడిగారు.

జవాబు: సియెనా లాగగలిగేది 3,500 పౌండ్లు. అమ్మేవాళ్లు చెప్పే ఖాళీ బరువు చూసి మురిసిపోతే చిక్కే. గ్యాలన్ నీళ్లే 8.3 పౌండ్లు, ఆపైన గ్యాస్ సిలిండర్, బియ్యం, కుక్కర్, దుప్పట్లు. సామానుతో కలిపి గరిష్ఠ బరువెంతో ట్రైలర్ స్టిక్కర్ మీద చూడాలి.

అందులో 10–15 శాతం హిచ్ మీద పడుతుంది. అదీ, కార్లో కూర్చునే నలుగురి బరువూ కలిపి డ్రైవర్ తలుపు దగ్గర రాసిన పరిమితి దాటకూడదు.

13 అడుగుల స్కాంప్ లాంటి ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లు ఈ లెక్కలో ఇముడుతాయి. అతుకులు తక్కువ కాబట్టి వాన నీరు కారే బెడదా తక్కువే.

పాతదైతే మూలల్లో నేలను కాలితో నొక్కాలి. మెత్తగా దిగితే చెక్క కుళ్లినట్టే. టైరు మీద 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందన్నమాట. నలుగురూ లోపల పడుకుని చూశాకే బేరమాడాలి.