నొప్పిగల వారిని నమ్ముడి

పాఠ్యభాగము: యోబు 2:11–13, 16:1–5



మా చీమకుర్తి క్వారీలలో ఏండ్ల తరబడి రాయి తొలిచినవారును, మిరపచేలలో వంగి కాయ కోసినవారును నడుము నొప్పితో రాత్రులు వేగించుట మనమెరిగినదే. కనిగిరి వైపున ఫ్లోరైడు నీటివలన కీళ్లును వెన్నెముకయు బిగుసుకొనిన వారున్నారు. మన దేశములో ఈ వ్యాధిని వైద్యులు 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి వ్రాసిరి. ఇట్టి నొప్పులు నేడో రేపో పోవునవి కావు.

మేమొక తప్పు ఒప్పుకొనవలెను. కొన్ని ఏండ్ల క్రిందట, నడుము నొప్పితో మంచము పట్టిన ఒక తల్లితో, విశ్వాసముంచినయెడల తగ్గునని చెప్పి, ప్రార్థించి వచ్చితిమి. నొప్పి తగ్గలేదు. ఆమె ఆరాధనకు వచ్చుట మానెను. తరువాత అడుగగా, "నడుము నొప్పి ఓర్చుకుంటున్నాను అయ్యగారూ, ఆ మాటే ఓర్చుకోలేకపోయాను" అనెను.

1. కూర్చుండుట. యోబు స్నేహితులు ముగ్గురు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాటాడక అతనితో నేలమీద కూర్చుండిరి. అది మేలైన పని. నోరు తెరచి, నీ పాపమే కారణమని వాదించినప్పుడు వారి ఆదరణ చెడిపోయెను. పౌలు మూడుమారులు వేడుకొనినను ముల్లు తొలగలేదు. అతనికి విశ్వాసము చాలలేదని ఎవరనగలరు?

2. నమ్ముట. మూడు నెలలు మించిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అందురు. గాయము మానినను నరములు నొప్పిని తెలుపుచునే యుండవచ్చును. ఎక్స్‌రేలో ఏమియు కనబడకపోవచ్చును. నిద్రలేమి, భయము, అప్పు, ఒంటరితనము దానిని పెంచును. అంతమాత్రమున అది కల్పన కాదు. నొప్పిని అధ్యయనము చేయు అంతర్జాతీయ సంఘము 2020లో తన నిర్వచనమును సవరించుచు, బాధితుడు చెప్పినదానిని గౌరవింపవలెనని తెలిపెను.

3. తోడుపడుట. పనిని కొంచెము కొంచెముగా చేసి నడుమ విశ్రమించుట, చేతనైనంత నడచుట, నిదానముగా ఊపిరి తీసి విడుచుట, తర్ఫీదు పొందిన మానసిక సలహాదారుతో మాటాడుట, ఇవి నొప్పిని తీసివేయకపోయినను దాని పెత్తనమును తగ్గించును. వైద్యుడిచ్చిన మందు తనంతట తాను మానరాదు. బ్రతుకు వద్దని ఎవరైన అనినయెడల గద్దింపకుడి, ఒంటరిగా విడువకుడి. 14416కు ఫోను చేయుడి. అది 2022లో ప్రభుత్వము ఆరంభించిన ఉచిత టెలీ మానస్ సేవ, తెలుగులోనే మాటాడవచ్చును.

ఇప్పుడు సంఘపు స్త్రీలు ఇద్దరు ఆ తల్లి యింట వారమునకొకసారి కూర్చుండి, గోంగూర ఒలుచుచు ఆమె మాట విందురు. నొప్పి ఉన్నది. అయినను మొన్నటి ఆదివారము ఆమె గుడికి వచ్చి, వెనుక గోడకు ఆనుకొని, చివరివరకు కూర్చుండెను.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. మన వీధిలో నొప్పివలన గుడికి రాలేనివారెవరు?
2. వారు చెప్పినది చివరివరకు వింటిమా, లేక నడుమనే సలహా ఇచ్చితిమా?