వెలుగు పట్టకారు

చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారులో పనివారు వేడి లక్కగాజులపై చిన్నచిన్న రాళ్ళను పొదుగుదురు. కంటికి కానరాని రక్తకణమును పట్టుటకు మాత్రము చేతి పట్టకారు పనికిరాదు. వెలుగే పట్టకారు కావలెను. లేసరు కిరణమును కటకముచే ఒక్క బిందువున కూర్చినచో, కణము అచ్చటనే చిక్కి నిలుచును. 1986లో ఈ సాధనమును అమెరికాలో రూపొందించిన ఆర్థర్ ఆష్కినుకు 2018లో నోబెల్ బహుమతి లభించెను.

దీనితో పల్లెకేమి పని? దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897లో రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. 2004లో ఇండోర్ శాస్త్రజ్ఞులు ఉప్పు హెచ్చుగానున్న ద్రావణములో ఎఱ్ఱకణమును వెలుగుతో పట్టిరి. ఆరోగ్యవంతుని కణము గాలిమరవలె తిరిగెను; క్రిమి చేరిన కణము తిరుగలేదు.

ఇది ప్రయోగశాల పరీక్ష. గ్రామమున నీరు నిలువనీయకుండుట, జ్వరము సోకినవారికి వెంటనే రక్తపరీక్ష చేయించుట పంచాయతీ సభ్యుల కర్తవ్యము.