పాత తుపాకుల సాక్ష్యం

పురాతన వస్తువులకు నోరు లేదు. వాటిపైనున్న గుర్తులే చరిత్ర చెబుతాయి. ఇంగ్లండులో 18, 19 శతాబ్దాలలో వేటకై నిర్మించిన తుపాకులు ఇందుకు నిదర్శనం.

చెకుముకి తుపాకిలో మీట నొక్కగానే సుత్తి కొననున్న చెకుముకి రాయి ఉక్కు పలకను రాచుకొని నిప్పురవ్వలు రాలుస్తుంది. ఆ రవ్వలకు చిన్న గిన్నెలోని మందు అంటుకొంటుంది. ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోని మందును చేరుతుంది. ఇంతలో ఆ మెరుపును చూచి పక్షులు తప్పించుకొనేవి. ఈ లోపాన్ని గమనించిన స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్, దెబ్బ తగలగానే పేలే రసాయనంతో కొత్త పద్ధతిని రూపొందించి 1807లో పేటెంటు పొందాడు. 1820ల నుండి అటువంటి రసాయనం నింపిన రాగి టోపీలు వ్యాప్తిలోకి వచ్చాయి.

అప్పుడు పలువురు పాత తుపాకులను పారవేయక, గిన్నెను తొలగించి, టోపీ తొడిగే మొనను అమర్చుకొన్నారు. తరువాతి కాలంలో కొందరు అధిక ధర ఆశించి వాటిని మళ్లీ చెకుముకి తుపాకులుగా మార్చారు. రంధ్రం చుట్టూ కనిపించే కొత్త లోహపు అతుకు ఆ గుట్టును బయటపెడుతుంది.

పేరును మాత్రమే నమ్మరాదు. లండన్ నిర్మాత జోసెఫ్ మాంటన్ కీర్తిని ఆశ్రయించి నాసిరకం తుపాకులపై ఆ పేరు చెక్కినవారున్నారు. గొట్టంపై పరీక్షాశాల ముద్రలను పరిశీలించాలి. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో ఏర్పడింది. కనుక దాని ముద్ర అంతకుముందు పడినది కాజాలదు.

తుప్పు వదిలించాలని గట్టిగా రుద్దితే ఈ ముద్రలు చెరిగిపోతాయి. వస్తువు పొందిన మార్పు కూడా చరిత్రే. దానిని దాచడమే అసత్యం.

ప్రశ్నలు
1. చెకుముకి తుపాకిలోని లోపమేమి? అది ఎట్లు తొలగింది?
2. సేకరించేవారు పరిశీలించవలసిన గుర్తులేవి?