గోలీలు ఎక్కడ ఆగాయి, పైసలు ఎక్కడ ఆగాయి?

ప్రశ్న: మా పల్లె దవాఖానలో బీపీ గోలీలు అయిపోయినయ్. ‘ఫండ్స్ రాలేదు, బయట కొనుక్కో’ అంటున్నరు. కూలి చేసుకునేటోళ్లం, ఎవర్ని అడగాలె?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: గోలీలకూ ఫండ్సుకూ దారులు వేరమ్మా. మందులు రాష్ట్ర వైద్య సేవల సంస్థ టీజీఎంఎస్‌ఐడీసీ నుంచి ఇండెంటు (కావలసిన మందుల జాబితా) మీద వస్తాయి. ఇండెంటు ఎప్పుడు పెట్టారో ముందు అడగండి. ఇక ఫండ్స్ సంగతి: జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బులో కేంద్రానిది 60, రాష్ట్రానిది 40 శాతం. పాత ఖర్చుల లెక్క పంపకపోతే తర్వాతి విడతకు చిక్కే. దవాఖాన కమిటీ మీటింగే జరగనిచోట లెక్క ఎవరు రాస్తారు చెప్పండి! సమాచార హక్కు కింద రెండేళ్ల జమాఖర్చులు, కమిటీ తీర్మానాలు, స్టాకు రిజిస్టరు నకలు కోరండి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నట్టు చూపే రేషన్ కార్డు జిరాక్స్ జతచేస్తే ఫీజు ఉండదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితాలతో సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి వెళ్లండి. అప్పటిదాకా గోలీ మాత్రం మానొద్దు, నర్సంపేట సర్కారు దవాఖానలో అడిగి తెచ్చుకోండి.