పాలక్యాను కొనేముందు అల్యూమినియం రకం అడగండి

సంఘ కార్యదర్శులకు, పాలసేకరణ సిబ్బందికి మనవి. క్యాను కొనేటప్పుడు ఎన్ని లీటర్లు, ఎంత ధర అని అడుగుతాము గాని, లోహం ఏ రకమని అడగము. చూపుకు అన్నీ తెల్లగానే ఉంటాయి. తేడా అంతా అల్యూమినియంలో కలిపిన లోహాన్ని బట్టి వస్తుంది.

కొన్నేళ్ల క్రితం పల్నాడులో ఒక సంఘం తక్కువ ధర చూసి క్యాన్లు కొన్నది. తనిఖీకి వెళ్లిన నేనూ అభ్యంతరం చెప్పలేదు. ఏడాది తిరగకముందే అడుగున సూదిమొనంత గుంటలు పడ్డాయి. వాటిలో నిలిచిన పాలు పులిసి, పైన పోసిన మంచి పాలను చెడగొట్టాయి. పాలు తిరిగి వచ్చాయి. ఒకటి రెండు గేదెలున్న సభ్యులే నష్టపోయారు. బిల్లు తీసి చూస్తే రకం వ్రాసి లేదు. అడగని తప్పు నాది కూడా.

రకాన్ని నాలుగంకెల సంఖ్యతో తెలుపుతారు. మొదటి అంకె ముఖ్యం.

1100: 99 శాతానికి తగ్గని అల్యూమినియం. త్వరగా తినిపోదు గాని మెత్తన, సొట్టలు పడుతుంది.

3003: ఒక శాతం పైచిలుకు మాంగనీసు ఉంటుంది. కొంత గట్టిది. వంటపాత్రలకు వాడతారు. ఐ.ఎస్. ప్రమాణాలలో దీనికి దీటైనది 31000.

5052: సుమారు 2.5 శాతం మెగ్నీషియం. దెబ్బకు, తేమకు బాగా ఓర్చుకుంటుంది.

6063: మెగ్నీషియం, సిలికాన్ కలిసినది. కిటికీ చట్రాలకు వాడేది.

2, 7 అంకెలతో మొదలయ్యేవి: రాగి, జింకు కలిసినవి. విమాన భాగాలకు తగిన బలం ఉన్నా, పాలపాత్రలకు తగవు.

రకం మంచిదైనా కడగడం తెలియాలి. అల్యూమినియాన్ని కాపాడేది పైనున్న సన్నని ఆక్సైడు పొర. కాస్టిక్ సోడా, సున్నం దానిని కరిగిస్తాయి. పిడుగురాళ్ల సున్నం గోడకు మంచిదే, క్యానుకు కాదు. ఉప్పునీరు నిలవ ఉన్నా గుంటలు పడతాయి.

కనుక ఈ క్రింది విధంగా చేయండి:

1. కొటేషనులోనే రకం సంఖ్య, తయారీదారు పరీక్షా పత్రం కోరండి. అల్యూమినియం పాలక్యాన్లకు ఐ.ఎస్. 1825 ప్రమాణం ఉన్నది.

2. ఆ సంఖ్యను బిల్లుపై వ్రాయించి, స్టాకు రిజిస్టరులో ఎక్కించండి.

3. అల్యూమినియానికి తగిన డిటర్జెంటుతో, ఇనుప పీచు వాడకుండా కడిగి, మంచినీటితో తొలిచి, బోర్లించి ఆరబెట్టండి.

4. అడుగు చేతికి గరుకుగా తగిలిన క్యానులో పాలు పోయకండి.

క్యాను ధరలో మిగిల్చినది పాల బిల్లులో పోగొట్టుకోరాదు. ఇకపై తనిఖీకి వస్తే, స్టాకు రిజిస్టరులో నేను మొదట చూసేది ఆ నాలుగంకెలనే.