అప్పు తీరిన పిమ్మట

పాఠ్యభాగము: 2 రాజులు 4:1-7

ఈ విధవరాలి పెనిమిటి ప్రవక్తల శిష్యులలో ఒకడు, దైవభయము గలవాడు. అట్టివాడును అప్పు మిగిల్చి మరణించెను. భక్తిగల యింట అప్పుండదని తలంచువారు ఈ వృత్తాంతమును మరల చదువవలెను. అప్పు ఏల చేసెనో వాక్యము చెప్పుటలేదు గనుక అతనిని నిందించుటకు ఆధారము లేదు.

ఆ అప్పునకు తాకట్టు కుమారుల బ్రదుకు. అప్పులవాడు వారిని దాసులుగా కొనిపోవుటకు వచ్చియున్నాడు. అప్పువలన అమ్ముడుపోయిన సహోదరుని కూలివానివలె చూచి, సునాద సంవత్సరమున విడిచిపెట్టవలెనని లేవీయకాండము 25వ అధ్యాయము విధించుచున్నది. భారతదేశములో 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసి, దానికి మూలమైన అప్పులను సహితము కొట్టివేసెను. అయినను యౌవనుని రాబోవు సంవత్సరములు ముందుగనే తాకట్టుపడు మార్గములు నేటికిని గలవు.

కరీంనగర్, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతములనుండి గల్ఫ్ దేశములకు పోవువారి సంగతి సంఘములు ఎరిగినదే. పొలము కుదువపెట్టి, తల్లి మెడలోని బంగారము అమ్మి, ఏజెంటునకు సొమ్ము చెల్లింతురు. 1983 నాటి వలస చట్టము క్రింద నమోదైన ఏజెంటు అభ్యర్థియొద్ద తీసికొనదగిన రుసుము, పన్ను గాక, 30,000 రూపాయలకు మించరాదు. దానికి రసీదు ఇయ్యవలెను. అట్టి ఏజెంట్ల పేర్లు ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో చూచుకొనవచ్చును. లక్షలు అడుగువాడు తన్ను తానే బయటపెట్టుకొనుచున్నాడు. విజిట్ వీసాపై పొమ్ము, అక్కడ మార్పించెదమను మాట మరింత అపాయకరము. జీతమంతయు వడ్డీకే పోవుచుండగా, యజమాని కఠినుడైనను అప్పుపడినవాడు విడిచి రాలేడు. ఉద్యోగము దొరికినదే, కుమారుడు మాత్రము దాసుడాయెను.

ఇంటిలో ఏమున్నదని ఎలీషా అడిగెను. ఏమియు లేదని చెప్పబోయి ఆమె నూనె కుండను జ్ఞాపకము చేసికొనెను. ఐ.టి.ఐ.లో నేర్చిన ఫిట్టరు పని, తండ్రి విడిచిన కుట్టుమిషను — డిగ్రీ పట్టా వచ్చిన యింట ఇవి లెక్కకు రావు. గమలీయేలునొద్ద చదివిన పౌలు కొరింథులో డేరాలు కుట్టెను (అపొ. కార్య. 18:3).

కుమారులును ఊరకుండలేదు. పాత్రలను తల్లియొద్దకు తెచ్చినవారు వారే (5వ వచనము). పొరుగువారియొద్ద ఎరవు తెచ్చినది సొమ్ము గాదు, వట్టి పాత్రలు. పని ముగిసినతోడనే తిరిగి యియ్యదగినవి.

7వ వచనములోని వరుసను గమనింపుడి. నూనె అమ్ముట, అప్పు తీర్చుట, ఆ పిమ్మట మిగిలినదానితో బ్రదుకుట. మొదటి జీతము చేతికి రాకమునుపే మోటారు సైకిలు వాయిదాలకు సంతకము చేయు యౌవనుడు ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నాడు. ఆమెకు మిగిలిన సొమ్మెంతయో వ్రాయబడలేదు. ముగ్గురు బ్రదుకుటకు అది చాలినదని మాత్రము తెలియుచున్నది.

తరగతిలో చర్చించుటకు: విదేశమునకు పోవ సిద్ధపడుచున్న యువకుని కాగితములు చదివి చూడగలవారు సంఘములో ఎవరు? అతని తలిదండ్రులు అప్పుపత్రముపై సంతకము చేయకమునుపు ఎవరియొద్దకు రాగలరు?