నడిచేవాళ్లకూ దారి కావాలి

పొద్దున్నే మీ ఊరి రోడ్డు మీద ఎవరెవరు కనిపిస్తారు? కూలికి పోయే ఆడవాళ్లు. పాలు పోసేవాళ్లు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న అవ్వ. కాసేపటికి బడికి పోయే పిల్లలు. కొందరు నడిచి పోతారు. కొందరు సైకిలు మీద పోతారు. కారులో పోయేవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరి రోడ్డు ఎవరి కోసం వేస్తారు? తారు పోసినంత మేర బండ్లవే. నడిచేవాళ్లకు మిగిలేది పక్కనున్న మట్టి అంచు. దీన్ని ఇంజనీర్లు బెర్ము అంటారు. దాని మీద కంపచెట్లు, కంకర కుప్పలు. వానొస్తే బురద. లారీ వస్తే ఎటు తప్పుకోవాలి?

సైకిలు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. చదువుతోపాటు ఆడవాళ్లకు సైకిలు కూడా నేర్పారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ ముందుండి చేయించారు. సైకిళ్లు కొనుక్కోను బ్యాంకు అప్పులు ఇప్పించారు. రాళ్లు కొట్టే కూలీలు, అంగన్‌వాడీ టీచర్లు, ఊరి నర్సులు వేలమంది నేర్చుకున్నారు. 1992 మహిళా దినం నాడు 1500 మందికి పైగా ఆడవాళ్లు సైకిళ్ల మీద బయల్దేరారు. లేడీసు సైకిళ్లు చాలకపోతే మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. వాటికి ముందు అడ్డకడ్డీ ఉంటుంది కదా! దాని మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు.

సైకిలు వస్తే సరిపోదు. తొక్కను చోటు ఉండాలి. అది పెద్ద ఖర్చేమీ కాదు. అంచు చదును చేసి మట్టి దట్టించాలి. కంప కొట్టించాలి. తారుకూ మట్టికీ మధ్య ఎత్తుపల్లం లేకుండా చూడాలి. అక్కడే చక్రం జారి పడతారు. కల్వర్టు దగ్గర అంచు మాయమవుతుంది. అక్కడ వెడల్పు చేసి పక్కగోడ కట్టాలి.

ఎవరిని అడగాలి? 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణలో, పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల పట్టిక ఉంది. అందులో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు ఉన్నాయి. అయితే ప్రతి రోడ్డూ మీ పంచాయతీది కాదు. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు పంచాయతీరాజ్ ఇంజనీర్లది కావచ్చు. పెద్ద రోడ్డు ఆర్ అండ్ బి వాళ్లది కావచ్చు. ముందు అది తెలుసుకోండి. లేకపోతే ‘మాది కాదు, వాళ్లది’ అని తిప్పుతారు. ఎవరిదైనా సరే, గ్రామసభలో అడగొచ్చు. తీర్మానం రాయించి పైవాళ్లకు పంపించొచ్చు.

గ్రామసభకు ఒక్కరే పోకండి. సంఘం వాళ్లంతా కలిసి పోండి. ‘రోడ్డు బాగు చెయ్యండి’ అంటే గుంతలు పూడ్చి ఊరుకుంటారు. ‘బడి నుంచి చెరువు కట్ట దాకా రెండు పక్కలా బెర్ము వెయ్యండి’ అని చోటు చెప్పి అడగండి. చివర్లో పుస్తకంలో సంతకం పెట్టమంటారు. పెట్టేముందు పుస్తకం చేతిలోకి తీసుకోండి. మీరు అడిగిన మాట రాశారా? వేలు పెట్టి చదవండి. రాయకపోతే, రాసిన తర్వాతే సంతకం చెయ్యండి.

పని అయ్యేదాకా జాగ్రత్త. కాలిబాట లేనిచోట రోడ్డుకు కుడిపక్క నడవండి. ఎదురుగా వచ్చే బండి కనిపిస్తుంది. సైకిలు మాత్రం ఎడమపక్కే తొక్కాలి.

మాట్లాడుకోండి:
మీ పిల్లలు బడికి పోయే రోడ్డు ఎవరిది?
ఆ దారిలో ఎక్కడ భయం వేస్తుంది?
మీ ఊళ్లో ఈసారి గ్రామసభ ఎప్పుడు?